వెనక వచ్చే ఏనుగు

మార్చి నెలలో ఒక సోమవారం, ఇంకా చీకటి ఉండగానే, ఎస్నార్ట్ తన కూతుర్ని తట్టి లేపింది. ఆ రోజు బడి ఆవరణ ఊడ్చే వంతు తిసుంగేది. వంతుల పట్టీ రాసింది ఎస్నార్టే. ఏడో తరగతి టీచరు ఆమే కాబట్టి. టీచరు కూతురని వంతు తప్పించారన్న మాట ఎవరి నోటా రాకూడదు. పిల్ల అటు తిరిగి పడుకుంటే దుప్పటి లాగేసింది. తిసుంగే మొహం కడుక్కుని, రాత్రి మిగిలిన మొక్కజొన్న సంకటిలో సగం తిని, గడ్డిచీపురు చంకన పెట్టుకుని, పక్కింటి లవ్‌నెస్‌తో కలిసి బయలుదేరింది. పన్నెండేళ్ళ పిల్ల. వాకిట్లో ఆగి, "అమ్మా, ఇవాళ నీళ్ళు నువ్వే తెచ్చుకోవాలి, నాకు కుదరదు" అంది. ఎస్నార్ట్ సరేనంది.

వాళ్ళుండే మున్యామ పల్లెకూ బడికీ మైలున్నర దూరం. దారి మధ్యలో ఏనుగుల బాట అడ్డం వస్తుంది. రాత్రి నది దాటి వచ్చి మొక్కజొన్న చేలమీద పడిన ఏనుగుల్ని తెల్లవారుజామున చేలవాళ్ళు డబ్బాలు మోగించి, మిరపపొగ పెట్టి తరుముతారు. అవి ఆ బాటనే పట్టుకుని తిరిగి లువాంగ్వా నదిలోకి దిగి, అవతల ఉన్న పార్కులోకి పోతాయి. ఆ రోజు డబ్బా మోగించినవాళ్ళలో ఎస్నార్ట్ భర్త యోతాము కూడా ఉన్నాడు. పిల్లలకు ఇదేమీ కొత్త కాదు. బాట దగ్గరికి రాగానే ఆగుతారు, మంద దాటిపోయేదాకా చెట్టుచాటున నిలబడతారు, తరవాత ఒక్క పరుగున దాటేస్తారు.

నీళ్ళ బిందె ఎత్తుకుని ఎస్నార్ట్ ఇంటికి వచ్చేసరికి లవ్‌నెస్ వాకిట్లో నిలబడి ఉంది. చీపురు ఇంకా చేతిలోనే ఉంది. "మేం ఆగాం మేడమ్" అంది. "లెక్కపెట్టాం మేడమ్. అన్నీ వెళ్ళిపోయాయి మేడమ్." ఎంతమంది ఎన్నిసార్లు అడిగినా ఆ పిల్ల ఆ మూడు మాటలే చెప్పింది.

ఆ నేలమీద ఎస్నార్ట్ తెగవారైన తూర్పువాళ్ళకూ ఉత్తరాది బెంబా తెగవాళ్ళకూ తాతలనాటినుంచి మేలమాడే వరస. మీరు ఎలుకలు తింటారని వీళ్ళను వాళ్ళూ, మీరు కోతులు తింటారని వాళ్ళను వీళ్ళూ ఎక్కడ కనబడితే అక్కడ ఆడిపోసుకుంటారు. చావింట్లో కూడా అంతే. వరసైనవాళ్ళు వచ్చి, ఏడ్చేవాళ్ళను వెక్కిరించి, పోయినవాళ్ళను నాలుగు తిట్టి, ఒక్కసారైనా నవ్వించి వెళ్ళాలి. అది వాళ్ళ మీద ఉన్న బాధ్యత. తిసుంగేను మట్టిలో పెట్టిన రోజు ఆ బాధ్యత కసోండేది. అతను బెంబా, పార్కులో సందర్శకుల జీపు నడుపుతాడు, ఎస్నార్ట్‌ను పదేళ్ళుగా "ఎలుకల వదినా" అని తప్ప పిలిచి ఎరగడు. ఆ రోజు టోపీ తీసి గోతి అంచున నిలబడ్డాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. పార అందుకుని చివరిదాకా మట్టి తోసి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. వరస మరిచిన మనిషని ముసలమ్మలు చాలా రోజులు నొచ్చుకున్నారు.

ఎనిమిదో రోజు ఆమె బడికి వెళ్ళింది. పాఠాలు చెప్పింది. వంతుల పట్టీ మాత్రం రాయలేకపోయింది. ప్రధానోపాధ్యాయుడు సకాల తనే రాసుకున్నాడు. ఊడ్చే పని ఆగలేదు. చీపురు గీతలు చెరగకముందే పాఠాలు మొదలవ్వాలని ఆ బడి నియమం. తనిఖీ అధికారులు వచ్చినా, పల్లె పెద్ద వచ్చినా ముందుగా చూసేది ఆ వాకిలినే. పైగా ఊడ్చిన నేల కాపలాదారు వంటిది. రాత్రి పాము పాకినా, హైనా తిరిగినా, పొద్దున్నే జాడ చెబుతుంది.

ఊడ్చే పని సాయంత్రానికి మార్చమని ఎస్నార్ట్ ఏప్రిల్‌లో ఒకసారి, మేలో ఒకసారి అడిగింది. సకాల చెడ్డవాడు కాదు. కూర్చోబెట్టి, టీ ఇచ్చి, సాయంత్రం ఊడిస్తే తెల్లారేసరికి మేకపెంటికలూ ఆకులూ ఎప్పటిలాగే ఉంటాయనీ, ఈ బడికి జిల్లాలో ఉన్న పేరల్లా ఆ వాకిలివల్లనేననీ మెల్లగా నచ్చజెప్పాడు. చివర్లో, "పిల్లను తీసుకెళ్ళింది ఏనుగు మేడమ్, చీపురు కాదు" అన్నాడు.

ఆమె కప్పు కిందపెట్టి లేచింది. ఇంకో పిల్ల ఆ బాటలో పడకూడదు. అది ఆమె మనసులో అప్పటికే స్థిరపడిపోయింది. ఎలాగన్నదే తెలియలేదు.

జూలైలో హాలెండ్‌నుంచి పన్నెండుమంది వచ్చారు. ఏటా ఎవరో ఒకరు వస్తారు. ఒకరు బావి తవ్విస్తారు, ఒకరు బల్లలు చేయించి పోతారు. వీళ్ళు మూడు వారాలు ఉండి రెండు తరగతి గదులకు రంగులు వేస్తామన్నారు. వాళ్ళ పెద్ద మరైకె, పురుళ్ళు పోసే పని చేసి మానుకున్న మనిషి. తమ ఊళ్ళో మూతపడిన బడినుంచి ఒక కంచుగంటను గోనెల్లో చుట్టి మోసుకొచ్చింది. అంతదాకా ఇక్కడ గంటంటే కొమ్మకు వేలాడదీసిన లారీ చక్రం అంచే. ఇనపకడ్డీతో కొడితే బంతాట మైదానం దాటి వినబడదు. మున్యామ పిల్లలకు గంటే వినబడదు, ఇళ్ళలో గడియారాలు ఉండవు. కోడి కూతే ఆధారం. ఆలస్యమైతే జెండా కర్ర దగ్గర మోకాళ్ళమీద నిలబడాలి కాబట్టి మొదటి కూతకే బయలుదేరతారు.

కొత్త గంట మున్యామదాకా మోగుతుందని సకాల సంబరపడ్డాడు. దాన్ని బడి గోడకు కట్టించి, ఇకనుంచి అయిదున్నరకే మోగిస్తే ఊడ్చేవాళ్ళు తప్పించుకోవడానికి ఉండదన్నాడు. ఎస్నార్ట్ ఆ మాట విని రెండు రోజులు సరిగా తినలేదు.

వచ్చినవాళ్ళకు శనివారం సెలవు. పార్కు చూడ్డానికి వెళతారు. తోడుగా వెళ్ళమని సకాల ఎస్నార్ట్‌ను మొహమాటపడుతూ అడిగాడు. ఇంకెవరికీ అంత ఇంగ్లీషు రాదు, ఇష్టం లేకపోతే వద్దు అన్నాడు. ఆమె ఆ పార్కు ఎదుటే ముప్పై తొమ్మిదేళ్ళుగా బతుకుతోంది. ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళలేదు. అక్కడికి వెళ్ళేవాళ్ళు ఎప్పుడూ పరాయి దేశాలనుంచే వస్తారు. ఏనుగులు మాత్రం రోజూ ఇవతలికి వచ్చి పోతుంటాయి.

యోతాము మార్చినుంచి రోజుకు పది మాటలు కూడా మాట్లాడటం లేదు. ఆ పదింటిలో నాలుగు ఆ రాత్రి ఖర్చుపెట్టాడు. "వాటి మొహం చూడ్డానికి పోతావా?"

"మొహం కాదు, నడక చూడాలి" అంది ఎస్నార్ట్. ఒక కొత్త నోటుపుస్తకం సంచిలో పెట్టుకుంది.

ఆరింటికి పార్కు గేటు తెరిచారు. కసోండే జీపు పక్కన నిలబడి ఉన్నాడు. సమాధి దగ్గర చూసిన తరవాత మళ్ళీ ఇదే చూడటం. అతను ఆమెను ఒక్క క్షణం పరీక్షగా చూసి, అలవాటు ప్రకారం అందుకున్నాడు. "ఎలుకల వదినా, ముందే చెబుతున్నా. ఈ బండి సింహాలకూ ఏనుగులకూ ఆగుతుంది గానీ, ఎలుక కనబడింది ఆపమంటే ఆపేది లేదు."

విదేశీయులు కలవరపడ్డారు. ఆమె సంగతి సకాల వాళ్ళకు చెప్పే ఉంచాడు. మరైకె కసోండేవైపు కోపంగా చూసింది. ఎస్నార్ట్, ఇది మర్యాదేననీ, ఇలా అనకపోతేనే తప్పనీ చెప్పింది. జవాబుగా తను మాత్రం ఏమీ అనలేదు. కసోండే కాసేపు కాచుకుని, బండి ఎక్కాడు.

పావుగంటలో నది ఒడ్డుకు చేరి ఇంజను ఆపాడు. వానలు లేని ఆ నెలల్లో నది అక్కడ మోకాలిలోతు ఉంటుంది. అవతలి ఒడ్డున పొగలు లేస్తున్నాయి, ఒక రేకుల కప్పుకు నీలం పట్టా కప్పి ఉంది. అది తన వంటపాకేనని ఎస్నార్ట్‌కు కాసేపటికి గాని తెలియలేదు. ఇంత చిన్నదా మా ఊరు అనుకుంది.

అప్పుడే అవతలి గడ్డిలోంచి ఏనుగులు దిగాయి. ముందు ముసలిది, చెవి అంచు చిరిగి ఉంది. దాని వెనక వరసగా మిగతావి. మరైకె ఆమె చేతిమీద చెయ్యి వేసి, వెనక్కి వెళదామా అని అడిగింది. ఎస్నార్ట్ తల అడ్డంగా ఊపి, నోటుపుస్తకం తెరిచింది. ఒక్కొక్కటే లెక్కపెట్టింది. పద్నాలుగు. నీళ్ళు దాటి గట్టెక్కి, జీపుకు ముప్పై అడుగుల ముందు దారి దాటి, తుప్పల్లోకి వెళ్ళిపోయాయి. చివరిది పిల్ల. తల్లి తోక అందుకోబోయి తప్పి, మళ్ళీ అందుకోబోతూ పోయింది. ఎస్నార్ట్ చేతిగడియారం చూసి ఆరూ ఇరవై రెండు అని రాసింది.

కసోండే బండి తీయలేదు. సీటు కిందనుంచి ఫ్లాస్కు తీసి, తాపీగా టీ పోసుకున్నాడు. అందరికీ పోశాడు. వెనక సీట్లో ఎర్రజుట్టు యువతి చిరుతపులిని చూడాలని తొందరపడుతోంది. అన్నీ వెళ్ళిపోయాయి కదా, ఇంకా ఎందుకు ఆగామని అడిగింది.

"ఇంకోటి ఉంది" అన్నాడు కసోండే.

పది నిమిషాలు గడిచాయి. కొంగలు నీళ్ళలో దిగాయి. ఎవరో ఆవలించారు. ఇరవై నిమిషాలయింది. దారి బోసిగా, ఎండ పడి, ఎవరైనా నడిచిపోవచ్చన్నంత ప్రశాంతంగా ఉంది. అప్పుడు అవతలి గడ్డిలోంచి చప్పుడే లేకుండా మగ ఏనుగు వచ్చింది. ముందు వెళ్ళినవాటిలో ఏదీ దాని భుజందాకా రాదు. నేలను వాసన చూసుకుంటూ, మంద అడుగుల్లోనే అడుగులు వేస్తూ నది దాటింది. గట్టెక్కి, దారి నడిమధ్యన ఆగి, జీపువైపు తలెత్తి చెవులు చాచింది. కాసేపటికి తల దించుకుని తన దారిన పోయింది.

ఎస్నార్ట్ చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది. *లెక్కపెట్టాం మేడమ్. అన్నీ వెళ్ళిపోయాయి మేడమ్.*

"నీకు ముందే తెలుసా?" అని అడిగింది.

"ఇక్కడ బండి తోలేవాళ్ళందరికీ తెలుసు మేడమ్." అతను వదినా అనలేదు. "పనిలో చేరిన రోజే చెబుతారు. మంద పోయాక వెనక మగది ఒకటి ఉంటుంది, కదలొద్దు అని. ఒక్కోసారి పావుగంట పడుతుంది, ఒక్కోసారి ముప్పావు. ఫ్లాస్కు తెచ్చుకునేది అందుకే."

"మా ఒడ్డున ఎవరికీ తెలియదు."

కసోండే టీకప్పులో అడుగున మిగిలింది నేలమీద ఒంపాడు. "ఎవరూ అడగలేదు కదా అనుకున్నాను. గోతి దగ్గర కూడా అదే అనుకున్నాను. అందుకే ఆ రోజు నోరు పెగల్లేదు."

ఆమె పుస్తకంలో ఆరూ నలభై ఏడు అని రాసి, కింద గీత గీసింది. ఆ తరవాత జిరాఫీలను చూశారు, నీటిగుర్రాలను చూశారు. చెట్టుకొమ్మమీద నాలుగు కాళ్ళూ వేలాడేసి నిద్రపోతున్న చిరుతను చూసి అందరూ ఫొటోలు తీసుకుంటుంటే ఎస్నార్ట్ తల తిప్పుకుంది. మధ్యాహ్నం బడినుంచి వచ్చి తిసుంగే బల్లమీద సరిగ్గా అలాగే పడుకునేది.

ఆదివారం సాయంత్రం, పొద్దు గుంకకముందే, ఆమె చీపురు తీసుకుని ఏనుగుల బాట దగ్గరికి వెళ్ళింది. దారి అడ్డంగా వచ్చేచోట ఇరవై అడుగుల నేల శుభ్రంగా ఊడ్చింది. తెల్లారుతుండగా యోతాము కాపలా మంచె ఎక్కి కూర్చుంది. అతను పక్కకు జరిగి చోటిచ్చాడు. మంద ఎప్పుడు దాటిందో రాసుకుంది. కదలలేదు. వెనకది ఎప్పుడు దాటిందో రాసుకుంది. మంచుపొగలో కళ్ళకు ఆనని రోజున, ఎండ ఎక్కాక దిగి నేలను చూసింది. పెద్ద అడుగు మిగతా అడుగులన్నిటిమీదా పడి ఉండేది. అలా పదిహేడు రోజులు. అన్నిటికన్నా ఆలస్యం ఆరూ నలభై ఎనిమిది. ఒక రోజు మాత్రం పెద్ద అడుగు కనబడలేదు. ఎనిమిదింటిదాకా మంచె దిగలేదామె. పదహారేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి బడికి ఆలస్యమయింది. సకాల గడియారం చూశాడు. మగది ఆ రాత్రంతా ఇవతలికే రాలేదని తరవాత కసోండే కబురు పంపాడు.

విదేశీయులు వెళ్ళిపోయే ముందు రోజు తల్లిదండ్రుల సభ పెట్టారు. గంట కట్టడానికి బడి గోడకు కొయ్య దూలం బిగించి ఉంది. పక్కన దాతల ఊరిపేరు రంగులతో రాసి ఉంది. సకాల ఉపన్యాసం ముగించి కూర్చోగానే ఎస్నార్ట్ లేచింది. నోటుపుస్తకం తెరిచి, తేదీలూ వేళలూ ఒక్కటి విడవకుండా చదివింది. తరవాత తనకు కావలసింది చెప్పింది. గంట బడి గోడకు వద్దు, బాట దగ్గర కట్టాలి. వెనకది దాటేదాకా మోగకూడదు. అది మోగేదాకా ఏ పిల్లా ఇల్లు కదలకూడదు. ఊడ్చే పని సాయంత్రం జరగాలి.

పల్లె పెద్ద కర్ర ఊతంగా లేచి, "గంట మోగాక ఇంట్లోంచి బయలుదేరతారా! ఇది బడా, పెళ్ళి భోజనమా?" అన్నాడు. సభ నవ్వింది. ఎస్నార్ట్ నవ్వు ఆగేదాకా కాచుకుంది.

"పెళ్ళి భోజనానికైతే ఆలస్యంగా వెళ్ళినా పెడతారు తాతా. మేము ఆలస్యమైనవాళ్ళను మోకాళ్ళమీద నిలబెడుతున్నాం. ఆ భయంతోనే వాళ్ళు చీకట్లో వస్తున్నారు. ఆ నియమం పెట్టిన టీచర్లలో నేనూ ఉన్నాను."

సకాల కిందికి చూస్తూ, మరి పొద్దున్నే వాకిలి గతేమిటని అడిగాడు.

"మిగిలింది నేను ఊడుస్తాను. వంతుల పట్టీలో రోజూ నా పేరే రాయండి."

గంట బడిలో లేకపోతే ఇచ్చినవాళ్ళు నొచ్చుకుంటారని సకాల మరైకెవైపు చూశాడు. ఆమెకు భాష రాదు గాని, ఎస్నార్ట్ చదివిన పుస్తకం పార్కులో చూసిందే. విషయం చెప్పించుకుని, గోడమీద రాసిన తమ ఊరిపేరు చూసి, ఆ గంట పిల్లల్ని పిలవడానికి పోత పోసిందనీ, పిల్లలకు ఎక్కడ వినబడితే అక్కడ కట్టుకోమనీ అంది.

అప్పుడు యోతాము లేచాడు. అతను సభలో మాట్లాడగా ఎవరూ చూడలేదు. "ఆ రోజు డబ్బా కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను" అన్నాడు. "మంచె నాది. పక్కనున్న చెట్టూ నా చేలోదే. గంట అక్కడ కట్టండి." అని కూర్చున్నాడు.

సకాల చివరికి, ఈ ఏడాది ఆఖరుదాకా, ఆ తరవాత చూద్దాం అన్నాడు. ఎస్నార్ట్ ఆ మాట కూడా నోటుపుస్తకంలో రాసి, అతనిచేత సంతకం పెట్టించుకుంది.

గంటను ముళ్ళచెట్టు పైకొమ్మకు కట్టారు. కసోండే వచ్చి ఎత్తు చూసి, ఏనుగు తొండానికి అందకూడదని ఇంకా పైకి కట్టించాడు. ఆ మర్నాడు ఆరూ యాభైకి, పెద్ద అడుగు నేలమీద పడి పదినిమిషాలు గడిచాక, ఎస్నార్ట్ తాడు లాగింది. మోత నది దాటి వెళ్ళింది. మున్యామ తలుపులు తెరుచుకున్నాయి. పదకొండుమంది పిల్లలు ఒకే వరసలో వచ్చారు. మార్చినుంచి బడి మొహం చూడని లవ్‌నెస్ అందరికన్నా వెనక నడిచింది, ప్రతి నాలుగు అడుగులకూ వెనక్కి తిరిగి చూసుకుంటూ. ఎస్నార్ట్ ఆ పిల్ల దాటేదాకా మంచె దిగలేదు.

దారిలో కసోండే జీపు ఆగింది. "ఎలుకల వదినా, గంట మోత విని ఏనుగులేమో గాని ఎలుకలన్నీ పారిపోయాయి. ఇక మీ ఇంట్లో కూరేమిటి?"

ఎస్నార్ట్ చీపురు భుజాన వేసుకుని నడుస్తూనే, "నీ జీపు చక్రం మీద కోతి కూర్చుంది మరిదీ, మీ పెదనాన్న కాబోలు, దించి నడుపు" అంది. కసోండే స్టీరింగుమీద తల వాల్చి నవ్వాడు. ఆమె బడివైపు నడిచింది, వాకిలి ఊడ్చాలి.

నది ఎగువన, రెండు మైళ్ళ అవతల, కవాలె అని ఇంకో పల్లె ఉంది. అక్కడా ఒక ఏనుగుల బాట ఉంది. గంట మోత అంతదూరం పోదు. ఆ పల్లెనుంచి ఆరుగురు పిల్లలు ఇప్పటికీ మొదటి కోడి కూతకే లేచి, చీకట్లో బడికి నడుస్తున్నారు.